నొప్పి తెలియని కాలికి నెత్తురెలా వచ్చింది?

నర్సింగ్ చదివే పిల్లలు నన్ను చూడగానే అడిగే మాట ఒకటే. "మేడమ్, మీ సర్వీసులో మీరు గెలిచిన కేసు ఒకటి చెప్పండి." గెలిచినవి చెబితే మీరు చప్పట్లు కొట్టి, టీ తాగి వెళ్లిపోతారు. అందుకని ఈసారి గెలిచానో ఓడానో నాకే అంతుపట్టని కేసు చెబుతాను. రిటైరై రెండేళ్లయింది. ఇప్పటికీ పప్పుకు తాలింపు వేస్తూ అది గుర్తొస్తే గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోతాను. తాలింపు మాడిపోతుంది. మా ఆయన హాల్లోంచి, "మళ్లీ ఆ కాలేనా?" అంటాడు.

అవును, ఆ కాలే. ఒక గొర్రెల కాపరి ఎడమ కాలు.

నా ఉద్యోగమంతా పుళ్లు కడగడంలోనే గడిచింది. మిర్యాలగూడలో రైసు మిల్లుల పక్కన ఒక చిన్న నర్సింగ్ హోంలో మొదలుపెట్టాను. మిల్లు బెల్టులో చేయి పడ్డవాళ్లు, ఆవిరికి కాలినవాళ్లు వచ్చేవారు. వాళ్ల అరుపులకు నాకు మొదటి నెలంతా అన్నం సయించలేదు. తర్వాత సూర్యాపేటలో ఒక దవాఖానకు వచ్చి, షుగరు పుళ్లకు కట్టుకట్టే గదిలో పడ్డాను. అక్కడ ఎవరూ అరవరు. అరికాల్లో మేకు దిగినా, చెప్పులో గాజుపెంకు ఉన్నా తెలియని పాదాలు అవి. పుండులో నేను కత్తెర పెట్టి చెడిన కండ తీస్తుంటే మనిషి నా మొహంలోకి చూస్తూ, "సిస్టరమ్మా, మీది కోదాడనా? మీ మాట ఆంధ్రోళ్ల లెక్క ఉంటది" అని కబుర్లు చెప్పేవాడు. నిజం చెప్పనా, మిర్యాలగూడ అరుపులకంటే సూర్యాపేట కబుర్లకే నాకు ఎక్కువ భయం వేసేది.

ఈ కాపరిది నేరేడుచర్ల దగ్గర పల్లె. యాభై దాటి ఉంటాయి. వరికోతలు అయ్యాక రైతులు కొయ్యకాళ్లకు నిప్పు పెడతారు కదా, అలా సగం కాలిన మడిలోంచి మందను దాటించాడు. చెప్పుకూ పాదానికీ మధ్య నిప్పుకణిక ఇరుక్కుంది. ఆయన దాంతోనే రెండు మళ్లు నడిచాడు. వెనకాల వస్తున్న భార్యకు వాసన తగిలింది.

"గొర్రె గిట అంటుకున్నదేమో అని మందంత సూసిన సిస్టరమ్మా. ఈన కాలు సూడలే" అని ఆవిడ మొదటి రోజే నాతో చెప్పింది. చెప్పి తలుపు దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన మాత్రం మంచం మీద కూర్చుని, బామ్మర్దికి ఫోన్ చేసి గొర్రెలకు నీళ్లు పెట్టావా అని గట్టిగా కసురుతున్నాడు.

పుండు అరికాలి మధ్యలో, అరచేయంత. లోపల కండ ఉడికించిన గుడ్డులా తెల్లగా పాలిపోయి ఉంది. పుండు మానాలంటే లోపలి నుంచి ఎర్రటి కొత్త కండ రావాలి. ఆ ఎరుపు ఎక్కడిదో కాదు, సన్నసన్న రక్తనాళాలు మొలుచుకొస్తేనే వచ్చేది. అవి రాకపోతే ఎన్ని కట్లు కట్టినా గోడకు కట్టినట్టే. మా పెద్ద సర్జన్ చూసి నలుగురిలోనే చెప్పేశారు. "మూడు వారాలు చూస్తా. ఎర్ర కండ రాకపోతే మోకాలి కింద తీసేద్దాం. ఊరుకుంటే విషం పైకెక్కి మనిషే పోతాడు."

కాపరికి కాలు తీసేయడం అంటే ఏమిటో నేను మీకు చెప్పక్కర్లేదు. భార్య ఒక్కతే మంద తోలలేదు, వేరే తోడు లేరు. బామ్మర్ది ఎన్నాళ్లు చూస్తాడు? కాలు పోతే మంద అమ్మాలి. ఆ మాట ఆ మొగుడూ పెళ్లాలు ఒకరితో ఒకరు అనుకోలేదు. ఇద్దరూ విడివిడిగా నాతో అన్నారు.

ఆ రోజుల్లో మా గదికి ఒక చిన్న డాక్టరు వచ్చేవాడు. కొత్తగా చదువు ముగించి వచ్చినవాడు, ఏది అడిగినా ఓపీ చీటీ వెనక బొమ్మ గీసి మరీ చెప్పేవాడు. కట్టుకట్టే దాన్ని కదా, ఈ బొమ్మలు నాకెందుకు అని అప్పుడప్పుడూ విసుక్కునేదాన్ని. ఆ రోజు మాత్రం నేనే అడిగాను. "డాక్టర్, షుగరు వాళ్లకు స్పర్శ పోవడం ఒక జబ్బు, పుండు మానకపోవడం ఇంకో జబ్బు. రెండూ ఒకే కాలికి ఎందుకు వస్తాయి?"

ఆయనకు పండగొచ్చినంత పనైంది. చీటీ తిప్పి పక్కపక్కనే రెండు గీతలు గీశాడు. ఒకటి స్పర్శ తెలిసే నరం, ఇంకోటి రక్తనాళం.

"సిస్టర్, ఈ రెండూ ఒంట్లో చాలాచోట్ల జోడీగానే నడుస్తయి. నరం పెరగడానికి ఒళ్లే ఒక పదార్థం తయారుచేస్తది. నరానికి అదొక కబురు లెక్క, 'ఇటు రా, ఇటు పెరుగు' అని. మొదట్ల అది నరానికే అనుకున్నరు. తర్వాత చూస్తే అదే కబురు రక్తనాళానికి కూడ వినిపిస్తున్నది. అది అందితే సన్న నాళాలు కూడ మొలుస్తయి. షుగరు పుండ్లల్ల ఆ కబురే తక్కువైతది."

"అంటే నరం బాగుపడితే నెత్తురొస్తుందన్నమాట."

"అట్ల కూడ కాదు. నాళాలు కూడ నరాలకు కబురు పంపిస్తయి."

"మరి ముందు ఎవరు?"

ఆయన పెన్ను మూత పెట్టి నవ్వాడు. "పుండును బట్టి ఉంటది సిస్టర్. ఈ కాలుల ఏది ముందో నాకు తెలియదు."

తెలియదు అన్న మాట ఆయన బొమ్మతో పాటే చెప్పాడు. నేను బొమ్మ ఉంచుకుని ఆ మాట వదిలేశాను. నా మొదటి తప్పు అదే. రెండోది, విన్న సగాన్ని పట్టుకెళ్లి ఆ కాపరి దంపతులకు చెప్పడం. కట్టు విప్పుతూ పెద్ద పండితురాలిలా అన్నాను: "చూడయ్యా, నీ కాలికి స్పర్శ వచ్చిందంటే నెత్తురూ వస్తుంది. నెత్తురొస్తే కాలు ఉంటుంది. స్పర్శ రాలేదంటే ఇక సర్జన్‌గారి ఇష్టం."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నా మాట బాగా అర్థమైందని మురిసిపోయాను. అర్థమైంది మరి, నేను అనుకున్నదానికంటే బాగానే అర్థమైంది.

స్పర్శ చూడటానికి మా దగ్గర ఒక నైలాన్ దారం ఉండేది, చేపల గాలానికి కట్టే దారంలా మందంగా ఉంటుంది. కళ్లకు గుడ్డ కట్టి, పాదం మీద పదిచోట్ల ఆ దారాన్ని ఆనించి కొంచెం వంగేదాకా నొక్కుతాం. తగిలినప్పుడు చెప్పమంటాం. మొదటి వారం, నేనింకా ఆ మాట అనకముందు, ఆయన తన తువ్వాలే కళ్లకు కట్టుకుని పడుకున్నాడు. పదిచోట్ల నొక్కాను. ఒక్కసారీ పలకలేదు. కేసు షీట్‌లో సున్నా వేశాను.

రెండో వారం పదిలో మూడు చెప్పాడు. మూడో వారం ఆరు!

ఆ ఆరు చూసి నాకు కాళ్లు నేలమీద నిలవలేదు. షుగరుతో పోయిన స్పర్శ ఇంత త్వరగా తిరిగి రావడం నా సర్వీసులో చూడలేదు. ఒక్క విషయం మాత్రం చికాకు పెట్టేది. నేను కాలు ముట్టుకుంటుంటే మధ్యమధ్య తలుపు దగ్గర నిలబడ్డ భార్య "త్చ్" అనేది. పుండు చూస్తే మనవాళ్లు అయ్యో పాపం అన్నట్టు అలా అనడం మామూలే కదా. "జాలిపడింది చాల్లేమ్మా, నోరు మూసుకుని నిలబడు" అని కసిరాను. "అట్లనే సిస్టరమ్మా" అంది. మళ్లీ దారం ఆనించగానే త్చ్.

సరే, ఆ ఆరు పట్టుకుని చిన్న డాక్టరు సర్జన్ దగ్గరికి పరిగెత్తాడు. కండ ఇంకా పాలిపోయే ఉంది, అంచున ఒకచోట మాత్రం గులాబీ రంగు కనబడీ కనబడనట్టుంది. సర్జన్ మామూలుగా అయితే ఒప్పుకునే మనిషి కాదు. షీట్ తిరగేసి నన్నడిగారు. "ఈ ఆరు నువ్వే రాసినవా?"

"నేనే సార్."

"నీ మీద నమ్మకంతోటి ఇంకో రెండు వారాలు ఇస్తున్న. మనిషికి ఏమన్నా అయితే మాత్రం..." అని మాట ఆపేశారు.

నాలుగో వారం మధ్యలో కాపరికి జ్వరం వచ్చింది. ఒళ్లు కాలిపోతోంది, మాట తడబడుతోంది. ఎంత పరేషాన్ అయ్యానో! విషం పైకెక్కిందేమో, నా ఆరు ఈయన ప్రాణం తీస్తుందేమో అని డ్యూటీ అయిపోయాక కూడా ఇంటికెళ్లలేకపోయాను. భార్య తడిగుడ్డతో ఆయన నుదురు తుడుస్తూ నా వైపు ఒక రకంగా చూసేది. ఏదో చెప్పబోయి మింగేసేది. నేను అడగలేదు. నాలుగు రోజులకు మందులు పనిచేసి జ్వరం దిగింది.

ఐదో వారం చివరి రోజు వచ్చింది. కాలు ఉంచాలా తీయాలా అన్నది ఆ రోజే తేలాలి. సర్జన్ స్వయంగా మా గదికి వచ్చారు. చిన్న డాక్టరు పక్కన నిలబడ్డాడు. "నా ముందట చెయ్యి ఆ టెస్టు" అన్నారు సర్జన్. భార్యను చూసి, "అమ్మా, నువ్వు జర బయటికి పో" అన్నారు.

ఆవిడ వెళ్లలేదు. "నేను ఈడ్నే ఉంట సారూ, సప్పుడు సెయ్య" అంది. ఆయా వచ్చి భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లి తలుపు వేసింది.

కాపరి తువ్వాల కట్టుకుని పడుకున్నాడు. దారం ఆనించాను. పలకలేదు. రెండోచోట నొక్కాను. మూడోచోట. మూడో వారం ఠక్కున చెప్పిన చోట కూడా నొక్కాను. మనిషి తల తలుపు వైపు తిప్పాడు కానీ పలకలేదు. పదీ అయిపోయాయి. ఒక్కటీ లేదు.

నేను దారం ట్రేలో పెట్టేశాను. అప్పుడు తలుపు అవతల నుంచి వినిపించింది, "త్చ్".

"ఆఁ! తగిలింది సిస్టరమ్మా, గిప్పుడు తగిలింది!" అన్నాడు కాపరి సంబరంగా.

నా రెండు చేతులూ గాల్లో ఉన్నాయి. కాలు దగ్గర ఎవరూ లేరు.

మళ్లీ త్చ్. "గీడ గూడ తగిలింది!"

సర్జన్ వెళ్లి తలుపు తీశారు. ఆవిడ, లోపల ఏం జరుగుతోందో కనబడక, తలుపుకు చెవి ఆనించి నిలబడి ఉంది. మమ్మల్ని చూసి పైట నోట్లో కుక్కుకుంది. నాకప్పుడు బుర్రకెక్కింది. అది జాలి కాదు. మంద తోలేటప్పుడు నాలుకతో చేసే చప్పుడు అది. చెట్టు చాటున ఉన్న మొగుడికి, గొర్రె ఇటు మళ్లింది చూసుకో అని చెప్పే చప్పుడు. ముప్పై ఏళ్లుగా ఆ చప్పుడుకే ఆయన అటూ ఇటూ తిరుగుతున్నాడు. పడుకుని కళ్లకు తువ్వాల కట్టుకున్నా ఆ చప్పుడుకు పలకడా?

నాకు ఒళ్లు మండిపోయింది. "ఏమ్మా, నన్ను ఇంత వెర్రిదాన్ని చేస్తావా? జ్వరం వచ్చిన రోజైనా చెప్పొద్దా? నీ మొగుడు చచ్చిపోతే ఎవరిది పాపం?" అని అరిచాను. పేషెంట్ల మీద అలా అరవకూడదని మీకు పాఠాల్లో చెబుతారు. చెప్పేది నాలాంటి వాళ్లే.

ఆవిడ కాళ్లబేరానికి వస్తుందనుకున్నాను. రాలేదు. కళ్లు తుడుచుకుని సూటిగా నావైపే చూసింది. "నువ్వే గద సిస్టరమ్మా సెప్పినవ్, తెలిస్తే కాలు ఉంటది, తెల్వకుంటే కోస్తరని. ఈనకు తెల్వది. నాకు తెలుస్తున్నది. నువ్వు ముట్టినప్పుడల్ల నాకు కాలు సురుక్కుమన్నది. ఎవ్వరికి తెలిస్తేంది?"

కాపరి తువ్వాల తీయకుండా అలాగే పడుకున్నాడు. తువ్వాల తడిసింది.

"సరే, ఇగ ఖతం. థియేటర్ రెడీ చెయ్యిమను" అన్నారు సర్జన్. అని, ఎందుకైనా మంచిదని తానే కట్టు విప్పారు. జ్వరం దిగాక వారం రోజులు నేను సెలవు, కట్టు ఒక కొత్త అమ్మాయి కట్టింది. నేనూ వారం తర్వాత అప్పుడే పుండు చూడటం.

విప్పి ఆగిపోయారు. అంచున ఉన్న గులాబీ రంగు లోపలికంతా పాకింది. దానిమ్మ గింజల్లా ఎర్రగా మెరుస్తోంది. సర్జన్ బ్లేడు తీసుకుని మెల్లగా గీశారు. చుక్కచుక్కగా నెత్తురు పొంగింది. మంచి ఎర్రటి నెత్తురు. కాపరికి అది కూడా తెలియలేదు. "ఏమైంది? ఎందుకు మాట్లాడ్తలేరు?" అంటున్నాడు.

నా జన్మలో అంత అయోమయం ఎప్పుడూ పడలేదు. స్పర్శ వచ్చిందన్నప్పుడు నెత్తురు లేదు. స్పర్శ అబద్ధమని తేలిన రోజు నెత్తురుంది.

సర్జన్ చిన్న డాక్టరు వైపు తిరిగారు. "మీ కబురు సంగతి ఏంది? నరం పలకకుంటనే నాళాలు ఎట్ల మొలిచినయ్?"

చిన్న డాక్టరు తల గోక్కున్నాడు. "కబురు వేరు, స్పర్శ వేరు సార్. ఆ పదార్థం పుండు దగ్గర తయారై నాళాలకు అందిండొచ్చు. నొప్పి తెలిసేదాక నరం బాగుపడి ఉండకపోవచ్చు. లేకుంటే వేరే దారిల వచ్చిండొచ్చు. సిస్టర్ కాలు మీద బరువు పడనియ్యలే, రోజు కడిగింది. దాంతోటే కావొచ్చు." చివరికి, "ఏదో నాకు తెలియదు సార్" అన్నాడు. ఈసారి ఆ మాట నేను వదిలేయలేదు.

నేను కేసు షీట్ తీసుకుని, నేను రాసిన మూడునూ ఆరునూ అడ్డంగా కొట్టేసి, పక్కన "నమ్మదగినవి కావు" అని రాసి సంతకం పెట్టాను. "మెమో ఇవ్వండి సార్, తప్పు నాది" అన్నాను.

సర్జన్ ఆ కొట్టివేతల మీద వేలు పెట్టారు. "నువ్వు ఆ ఆరు రాయకుంటే నేను రెండు వారాల కిందనే కోసేటోణ్ణి" అన్నారు. "ఇప్పుడు నిన్ను తిట్టాల్నా, మెచ్చుకోవాల్నా నాకు సమజైతలేదు." తిట్టలేదు, మెచ్చుకోలేదు. చేతులు కడుక్కుని వెళ్లిపోయారు.

పిల్లలూ, నేను ఆగిపోయేది ఇక్కడే. అబద్ధపు అంకె ఆ కాలును నిలబెట్టింది, అది నిజం. ఆ జ్వరం దిగకపోయి ఉంటే అదే అంకె మనిషిని తీసుకుపోయేది, అదీ నిజం. ఆ అబద్ధం వాళ్లు పుట్టించింది కాదు, నేను వాళ్ల నోట్లో పెట్టింది. నాకు ఏ జవాబు కావాలో ముందే చెప్పేసి, కళ్లకు గంతలు కట్టి అడిగాను. భయపడ్డ మనిషి ఇంకేం చెబుతాడు? ఆ తర్వాత ఎవరికి దారం పెట్టినా, తెలిస్తే మంచిదని గానీ తెలియకపోతే చెడ్డదని గానీ అనలేదు. తోడు వచ్చినవాళ్లను బయట కూర్చోబెట్టేదాన్ని. ఆ మాత్రం నేర్చుకున్నాను. మిగతాది నాకింకా అర్థం కాలేదు.

ఆ పుండు మానడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. మెత్తటి అట్ట వేసిన చెప్పులు ఇప్పించి, రోజూ పడుకునే ముందు భార్య అరికాలు చూడాలని చెప్పి పంపించాం. చెప్పక్కర్లేదు, ఆవిడ పొద్దునా సాయంత్రం చూసేది.

నేను రిటైరై కోదాడ వచ్చేశాక, ఒకరోజు మధ్యాహ్నం ఇద్దరూ మా గేటు ముందు నిలబడ్డారు. చేతిలో జున్నుపాల సీసా. నేరేడుచర్ల నుంచి ఆటో, బస్సు మారి వచ్చారట. ఆయన గేటు నుంచి మెట్ల దాకా నడిచిన నడక నేను కళ్లార్పకుండా చూశాను. కొంచెం ఎడమకు వాలుతున్నాడు, అంతే.

టీ తాగాక ఆయనే అడిగాడు. "సిస్టరమ్మా, ఆ దారం ఉన్నదా? ఒక్కసారి సూడు."

దారం దవాఖానది, నేను తెచ్చుకోలేదు. మా ఆయన గాలపు సామాన్లలోంచి ఒక దారం ముక్క కోసుకొచ్చాను. కొలత ప్రకారం అది లెక్కకు రాదు. అయినా కాలు స్టూలు మీద పెట్టించాను. ఆయన తువ్వాల తానే కట్టుకున్నాడు. ఆవిడ ఎవరూ చెప్పకుండానే లేచి, గేటు దాటి రోడ్డు మీదికి పోయి, నోటి మీద రెండు చేతులూ పెట్టుకుని నిలబడింది.

ఒకటి. "తెల్వలే." రెండు. "తెల్వలే." ఆయన ప్రతిదానికీ మెల్లగా, సిగ్గుపడుతున్నట్టు చెప్పాడు. తొమ్మిదీ అలాగే అయ్యాయి. పదోది మానిన పుండు అంచున, మొదట గులాబీ రంగు కనబడిన చోట ఆనించాను. దారం వంగింది.

ఆయన పలకలేదు. నేనూ చేయి తీయలేదు.

"ఇగ సిస్టరమ్మా..." అన్నాడు చాలాసేపటికి. "ఆడ ఏదో ఉన్నట్టున్నది. లేనట్టున్నది. ఏం సెప్పాలె? నాకు తెల్వది."

"ఏమన్నడు?" అని రోడ్డు మీంచి కేక వేసింది ఆవిడ.

"తెలియదంటున్నాడమ్మా!"

ఆవిడ నోటి మీంచి చేతులు తీసింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఇక్కడి నుంచి నాకు కనబడలేదు. "అయితే నిజమే సెప్పిండు తియ్యి" అంది.

ఇంట్లో కేసు షీట్ ఎక్కడుంటుంది? కరెంటు బిల్లు వెనక పది చుక్కలు పెట్టి, పదో చుక్క పక్కన "తెలియదు" అని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ తలుపుకు అంటించే ఉంది. ఆ కాలు గురించి నేను రాసి, కొట్టేయాల్సిన అవసరం రానిది అదొక్కటే.